సముద్రంలో కలిసిన నీరు వృథా కాదు

సంపాదకులు గారికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో పెన్నా నీళ్లు వృథాగా సముద్రం పాలవుతున్నాయని రాశారు. కోపం తగ్గాక జవాబు రాద్దామని నాలుగు రోజులు ఆగాను. తగ్గలేదు. వరద వచ్చిన ప్రతిసారీ ఇదే మాట. దాన్ని పట్టుకుని నాయకులు ఇంకో కాలువ, ఇంకో రిజర్వాయరు అంటారు. ఏరు సముద్రంలో కలవక మరెక్కడ కలవాలి?

సోమశిలలో 78 టీఎంసీలు, కండలేరులో 68 టీఎంసీలు పట్టేలా కట్టుకున్నాం. 2022 సెప్టెంబరులో సంగం, నెల్లూరు బ్యారేజీలు కూడా వచ్చాయి. వాటికి నేను వ్యతిరేకిని కాను. నా నాలుగెకరాల వరీ ఆ నీటితోనే పండుతుంది. కానీ వరద తీశాక బ్యారేజీ దిగువన ఏం మిగులుతోందో ఒక్క అధికారి అయినా ఏట్లోకి దిగి చూశారా? నెల్లూరు మురుగు, గుర్రపుడెక్క, ఇసుక తవ్విన గోతులు, అంతే.

నా చిన్నతనంలో జొన్నవాడ దగ్గర పెన్నా ఎండాకాలంలో కూడా మోకాలి లోతు పారేది. నడుమ ఇసుక తిన్నెల మీద రేవుపిట్టలు గుడ్లు పెట్టేవి. పసుపు ముక్కు, నల్ల టోపీ పెట్టినట్టుండే తల, చీలిన తోక. గూడంటూ ఉండదు. ఇసుకలో అరచేతంత గుంట, అందులో రెండు మూడు గుడ్లు, మచ్చలతో అచ్చం గులకరాళ్లలాగే ఉంటాయి. అడుగు చూసి వెయ్యరా అని మా నాయన కేకేసేవాడు. ఆ పిట్ట ఇవాళ ప్రపంచవ్యాప్తంగా ముప్పున్న జాతుల జాబితాకెక్కింది. తిన్నె చుట్టూ నీళ్లుంటేనే కుక్కలు, నక్కలు రావు. ఏరు ఎండితే నడిచొచ్చి తినేస్తాయి. అట్లాగని ఏప్రిల్లో చెప్పాపెట్టకుండా గేట్లెత్తితే ఒక్క రాత్రిలో గుడ్లన్నీ కొట్టుకుపోతాయి. వాటికి కావలసింది కొద్దిగా అయినా తెగకుండా పారే నీరు.

చేపలకూ అంతే. వాలుగ వానాకాలపు వరదకు ఎదురెక్కి గుడ్లు పెట్టే చేప. అదీ ముప్పు జాబితాలో ఉంది. మలుగుపాము అనే పాములాంటి చేప సముద్రంలో పుడుతుంది, పిల్లగా ఏట్లోకి ఎక్కుతుంది, పెద్దదయ్యాక గుడ్లు పెట్టడానికి మళ్లీ సముద్రానికే పోతుంది. పైన గేట్లు దించి, కింద ఏరు సముద్రంలో కలిసే మొగ ఇసుకతో మూసుకుపోతే అదెట్లా వస్తుంది, ఎట్లా పోతుంది? జలాశయాల్లో బొచ్చె, రాగండి పిల్లల్ని వదిలి ఫొటోలు దిగితే ఏట్లో చేపలున్నట్టేనా?

పులికాట్ సరస్సు కూడా చూడండి. అక్కడికి నీళ్లు మోసేవి కాళంగి, ఆరణి. లోపలి నుంచి ఏటి నీరు నెట్టుకొస్తేనే మొగ తెరుచుకుంటుంది, మొగ తెరుచుకుంటేనే సముద్రంలో పుట్టిన రొయ్యపిల్ల సరస్సులోకొచ్చి పెరుగుతుంది. రాయదొరువు దగ్గర మొగలో పూడిక గురించి జాలర్లు ఏళ్లుగా మొరపెట్టుకుంటూనే ఉన్నారు. నేలపట్టు చెరువులో కడప చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులు (పెలికాన్లు) పిల్లలకు చేపలు మోసుకెళ్లేది ఈ పులికాట్ నుంచీ చుట్టుపక్కల చెరువుల నుంచీ. చేప లేకపోతే చెట్టుండి ఏం లాభం? సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండుగ వేదికల మీద పెట్టిన శ్రద్ధలో సగం ఆ మొగ మీద పెట్టి ఉంటే బాగుండేది. జిల్లాలు విడదీశాక అది మా పరిధి కాదని చెప్పడం కూడా మొదలైంది.

ఏటా సాగునీటి సలహా మండలి సమావేశంలో ఏ కాలువకెన్ని టీఎంసీలు, ఏ ఆయకట్టుకెన్ని తడులు అని గంటలకొద్దీ వాదించుకుంటారు. ఏటికి వాటా ఎంత అని అడిగిన వాళ్లు నాకు కనిపించలేదు. ఈసారి సమావేశంలో, వేసవిలో నెల్లూరు బ్యారేజీ నుంచి ఊటుకూరు మొగ దాకా రోజూ ఎన్ని క్యూసెక్కులు వదులుతారో చెప్పాలి. గేట్లెత్తే ముందు ఎన్ని రోజులకు చెబుతారో కూడా తేల్చాలి. మీ విలేకరిని పంపి ఆ అంకె అడిగించండి. వచ్చిన జవాబును, సముద్రం పాలు అని వేసిన చోటే, అంత పెద్ద అక్షరాలతోనే వేయండి.

ఇట్లు
కోవూరు నుంచి ఒక రైతు