లల్లీ, జీపీకి తెలిస్తే ఏమవుతుందని అడిగావు కదా

లల్లీ,

నీ వాయిస్ మెసేజ్ రాత్రి పదకొండింటికి విన్నాను, అందరూ పడుకున్నాక. మూడు నిమిషాల మెసేజ్‌లో రెండుసార్లు గొంతు తగ్గించావు, పక్క గదిలో మీ అత్తగారు ఉన్నారని అప్పుడే అర్థమైంది. ఇది ఫోన్లో మాట్లాడుకునే విషయం కాదనిపించి కూర్చుని రాస్తున్నాను, కాస్త పొడుగవుతుంది. చదివాక డిలీట్ చేసెయ్, నేనేం అనుకోను.

నువ్వు అడిగింది ఒక్కటే. బరువు తగ్గే ఇంజెక్షన్ మౌంజారో కోసం ఆన్‌లైన్ ఫార్మసీ ఫారం నింపుతుంటే "మీ జీపీకి తెలియజేయవచ్చా" అన్న ప్రశ్న దగ్గర, అంటే ఇక్కడ ఇంగ్లండ్‌లో మనం పేరు నమోదు చేసుకున్న ఫ్యామిలీ డాక్టరుకి చెప్పొచ్చా అన్న దగ్గర, చెయ్యి ఆగిపోయింది, నో అని పెడితే ఏమవుతుంది అని. కిందటేడు నేనూ సరిగ్గా అక్కడే ఆగానే. ఆగి, నో పెట్టాను. తర్వాత ఏం జరిగిందో నీకు ఇన్నాళ్లూ చెప్పలేదు, ఇప్పుడు చెప్తాను.

ఆ ఫార్మసీ వాళ్లు వీడియో కాల్‌లో బరువు చూశారు, గుర్తింపు కార్డు చూశారు, జీపీకి చెప్తే మంచిదని రెండుసార్లు అన్నారు. నేను వద్దన్నాక ఒక లెటర్ మెయిల్‌లో పెట్టి, మీరే తీసుకెళ్లి మీ సర్జరీలో, అంటే జీపీ క్లినిక్‌లో, ఇవ్వండి అన్నారు. ఆ లెటర్ నేను తెరవను కూడా తెరవలేదు. ఫ్రిజ్‌లో కూరగాయల డబ్బా వెనకాల ఇంజెక్షన్ పెన్ దాచుకుని, వారానికోసారి శనివారం రాత్రి బాత్రూంలో గడియ పెట్టుకుని వేసుకునేదాన్ని. నాలుగు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గాను. అందరూ వాకింగ్ వల్ల అనుకున్నారు, నేనూ అవుననే అన్నాను.

ఐదో నెలలో నాకు గర్భసంచిలో పాలిప్ తీయించుకునే చిన్న ఆపరేషన్ పడింది, నీకు తెలుసు కదా. ముందుగా హాస్పిటల్ నర్సు ఫోన్ చేసి ఏం మందులు వాడుతున్నారు అని అడిగింది. ఆవిడ కాల్ వచ్చేసరికి నేను వంటింట్లో ఉన్నాను, గుంటూరు నుంచి వచ్చిన మా అత్తయ్య పక్కనే చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. థైరాయిడ్ మాత్ర ఒక్కటే అన్నాను. జీపీ రికార్డులోనూ అదొక్కటే ఉంది కాబట్టి ఆవిడకు అనుమానం రావడానికి ఏమీ లేదు.

ఆపరేషన్ రోజు పొద్దున మత్తు డాక్టరు వచ్చాడు. మా ఆయన పక్కన కుర్చీలోనే ఉన్నారు. అన్నీ అడిగి చివర్లో, బరువు తగ్గడానికి ఇంజెక్షన్లేమైనా, బయట కొన్నవైనా సరే, వాడుతున్నారా అని మామూలుగా అడిగాడు. నా నోట మాట రాలేదు. ఆయన నా ముఖం చూసి, పేపర్లు తీసుకొస్తానని చెప్పి, మా ఆయన్ని కూడా కాసేపు బయట కూర్చోమని పంపించి, మళ్లీ ఒక్కడే వచ్చి అడిగాడు. అప్పుడు చెప్పాను. తిట్టలేదు. చిన్న స్కానింగ్ మిషన్ తెచ్చి పొట్ట మీద పెట్టి చూశాడు. ముందు రోజు సాయంత్రం ఏడింటికి తిన్నాను నేను, అయినా పొట్టలో అన్నం ఇంకా ఉంది.

ఈ మందు పనిచేసేదే అలా. కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది, అందుకే ఆకలి వెయ్యదు. మత్తులో ఉన్నప్పుడు ఆ ఉన్నది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. దీని మీద ఎంహెచ్‌ఆర్‌ఏ, అంటే ఇక్కడ మందుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ వాళ్లు 2025 జనవరిలోనే డాక్టర్లకు హెచ్చరిక ఇచ్చారట, అందుకే ఆయన అడిగాడు. ఆ రోజు ఆపరేషన్ ఆపేసి మూడు వారాలకు వాయిదా వేశారు. ఆయన అడగకపోయి ఉంటే? ఆ ఆలోచన ఇప్పటికీ ఒక్కోసారి రాత్రిళ్లు వస్తుంది నాకు, పిల్లల ముఖాలు చూసినప్పుడు.

కార్లో మా ఆయన పెద్ద రౌండబౌట్ దాకా ఏం మాట్లాడలేదు. అప్పుడు అడిగారు, నాకెందుకు చెప్పలేదు అని. అంతే. దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ మర్నాడే ఆ పాత లెటర్ ప్రింట్ తీసి సర్జరీలో ఇచ్చొచ్చాను.

అందుకని నీకు ఒకటే చెప్తున్నాను లల్లీ. మీ అత్తగారికి చెప్పకు, కావాలంటే మన అసోసియేషన్‌లో ఎవరికీ చెప్పకు, నాకు కూడా చెప్పక్కర్లేదు. నీ ఒళ్లు, నీ ఇష్టం. కానీ జీపీ దగ్గర మాత్రం దాచకు.

మనకి ఇది ఎందుకు కష్టమో నేను చాలాసార్లు ఆలోచించాను. మన ఊళ్లో రిపోర్టులన్నీ ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని బీరువాలో దాచుకుంటాం. ఏ డాక్టరు దగ్గరికి వెళ్తే ఆ డాక్టరుకి మనకి ఇష్టమైనవి తీసి చూపిస్తాం. ఫైల్ మన చేతిలో ఉంటుంది. ఇక్కడ ఫైల్ సర్జరీ కంప్యూటర్లో ఉంటుంది కాబట్టి, జీపీకి చెప్పడం అంటే ఎవరో ఆఫీసులో మన గుట్టు రాసి పెట్టించుకున్నట్టు అనిపిస్తుంది. నాకు అలాగే అనిపించింది. కానీ హాస్పిటల్‌కి ఎమర్జెన్సీలో వెళ్తే, నువ్వు మాట్లాడే స్థితిలో లేకపోతే, వాళ్లు చూసేది ఆ ఫైలే కదా. నీ బీరువా కాదు.

జీపీకి లెటర్ వెళ్తే జరిగేది చాలా చిన్న విషయం. పర్మిషన్ అడగడం కాదది, ఫలానా మందు ఫలానా మోతాదులో మొదలుపెట్టాం అని తెలియజేయడం మాత్రమే. జీపీ ఆ మందు నీకు రాసివ్వక్కర్లేదు, డబ్బు పెట్టక్కర్లేదు. బయట తీసుకుంటున్న మందు అని రికార్డులో ఎక్కిస్తారు. రేపు వేరే మందు రాసేటప్పుడు అది వాళ్ల కళ్ల ముందు ఉంటుంది. ప్రైవేటుగా కొన్నావని ఎన్‌హెచ్‌ఎస్ వాళ్ల ప్రభుత్వ వైద్యం ఏమీ ఆగదు. అసలు మనలాంటి వాళ్లకి ప్రైవేటు తప్ప దారేముంది? ఇంగ్లండ్‌లో 2025 జూన్ 23 నుంచి జీపీల ద్వారా మౌంజారో మొదలుపెట్టారు కానీ మొదటి ఏడాది బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) 40, మన దక్షిణాసియా వాళ్లకైతే 37.5 ఉండాలన్నారు, పైగా షుగరు, బీపీ, గుండె జబ్బు, నిద్రలో ఊపిరి ఆగే స్లీప్ అప్నియా, కొలెస్ట్రాల్, ఈ ఐదింట్లో కనీసం నాలుగు ఉండాలన్నారు. నీ బీఎంఐ 31. దాంట్లో నీ పేరు రాదు. కాబట్టి కొనుక్కోవడంలో తప్పేమీ లేదు, ఆ సంగతి నీ మనసులోంచి తీసెయ్.

ఇక నీ అసలు భయం. మీ సర్జరీ రిసెప్షన్‌లో పనిచేసే ఆవిడ ఉగాది ఫంక్షన్‌లో మీ పక్క టేబుల్ అని. ఇది చిన్న భయం కాదు, నేను తీసిపారెయ్యను. మనవాళ్లలో ఒకళ్ల నోటికి వస్తే సంక్రాంతి నాటికి ఊరంతా తిరుగుతుంది. కానీ రిసెప్షన్ వాళ్లకి కూడా డాక్టరుకున్నంత గోప్యత బాధ్యత ఉంటుంది. పని లేకుండా ఒకరి రికార్డు తెరవడం ఉద్యోగం పోయే తప్పు, చట్టం ప్రకారం నేరం కూడా కావచ్చు. ఎవరు ఎప్పుడు తెరిచారో కంప్యూటర్లో జాడ ఉంటుంది. నువ్వు ప్రాక్టీస్ మేనేజర్‌కి ఫోన్ చేసి, మీ దగ్గర పనిచేసే ఒకరు నాకు బయట తెలుసు, నా రికార్డు విషయంలో నాకు ఇబ్బందిగా ఉంది అని ఇప్పుడే చెప్పు. ఆవిడ మీద ఫిర్యాదులాగా కాదు, ముందు జాగ్రత్తగా. అలా చెప్పే హక్కు నీకుంది.

నాకు అంతకంటే పెద్ద టెన్షన్ వేరే ఉంది. సర్జరీలో నీ పేరు మీద ఏ ఫోన్ నంబరు ఉంది? నువ్వు డిపెండెంట్ వీసా మీద వచ్చిన కొత్తలో అన్నయ్యగారే అన్నీ రిజిస్టర్ చేశారు కదా. నా సంగతి కూడా అంతే, ఆరేళ్లు నా అపాయింట్‌మెంట్ మెసేజ్‌లన్నీ మా ఆయన ఫోన్‌కే వెళ్లాయి. ఫార్మసీ లెటర్ అందాక సర్జరీ వాళ్లు "మీ బరువు తగ్గే మందు గురించి రక్తపరీక్షకు రండి" అని మెసేజ్ పెట్టారనుకో, అది ఎవరి ఫోన్లో మోగుతుంది? గుట్టు బయటపడేది జీపీ వల్ల కాదే, ఇలాంటి చోట్ల. ఈమెయిలు కూడా చూసుకో, అన్నయ్యగారిది ఇచ్చారేమో. ఎన్‌హెచ్‌ఎస్ యాప్‌లో ఆ లెటర్ కనబడొచ్చు, కాబట్టి నీ ఫోన్‌కి పిల్లలకి తెలిసిన పాస్‌వర్డ్ ఉంటే మార్చు. నీ బదులు వేరేవాళ్లు రికార్డు చూసేలా ప్రాక్సీ అనుమతి ఎప్పుడైనా ఇచ్చి ఉంటే తీయించెయ్. జాయింట్ అకౌంట్ కార్డుతో కడితే స్టేట్‌మెంట్‌లో ఫార్మసీ పేరు పడుతుంది. పార్సిల్ ఐస్ ప్యాక్‌తో వస్తుంది, పగలు మీ అత్తగారే తలుపు తీస్తారు. అందుకని దగ్గర్లో పికప్ ఉందా అని అడుగు. లేకపోతే నువ్వు ఇంట్లో ఉండే రోజు తెప్పించుకో.

ఫార్మసీ వాళ్లు బరువు చూడటానికి ఫొటోలు అడుగుతున్నారని కంగారు పడ్డావు. 2025 ఫిబ్రవరి నుంచి ఫార్మసీలను నియంత్రించే జనరల్ ఫార్మస్యూటికల్ కౌన్సిల్ ఆ రూల్ గట్టిగా పెట్టింది, ఫారంలో రాసిన బరువు నమ్మి ఇవ్వకూడదు, వేరేగా సరిచూసుకోవాలని. ఫొటో పంపడం ఇష్టం లేకపోతే వీడియో కాల్ అడుగు, నేను అదే చేశాను, చుడీదార్‌లోనే నిలబడ్డాను. పంపిన ఫొటో ఎన్నాళ్లు ఉంచుతారు, ఎవరు చూస్తారు అని రాతపూర్వకంగా అడిగితే వాళ్లు చెప్పి తీరాలి. చెప్పని చోట కొనకు.

ఇన్సూరెన్స్ గురించి అడిగావు. లైఫ్ ఇన్సూరెన్స్ కంపెనీ నీ అనుమతి లేకుండా జీపీ నుంచి రిపోర్టు తెప్పించుకోలేదు. తెప్పించుకున్నా పంపేముందు నేను చూడాలి అని నువ్వు అడగొచ్చు, 1988 నాటి చట్టం ఉంది దానికి. కానీ వాళ్ల ఫారంలో ఏ మందులు వాడుతున్నారు అని ఉంటే నిజమే రాయాలి, లేకపోతే అక్కరకొచ్చిన రోజున క్లెయిమ్ దగ్గర పేచీ పెడతారు. మీ ఆఫీసుకైతే జీపీ రికార్డు చూసే హక్కు లేదు. ఐఎల్‌ఆర్ (ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) గురించి అసలు భయపడకు, సొంత డబ్బుతో కొనే మందుకి పబ్లిక్ ఫండ్స్‌తో, అంటే ప్రభుత్వం ఇచ్చే సాయంతో, సంబంధం లేదు.

ఇంకొకటి, ఇది నువ్వు అడగలేదు కానీ అన్నిటికంటే ముఖ్యం. నువ్వు గర్భం రాకుండా పిల్స్ వాడుతున్నావు కదా. మౌంజారో మొదలుపెట్టిన నాలుగు వారాలు, మోతాదు పెంచిన ప్రతిసారీ మళ్లీ నాలుగు వారాలు, నోటితో వేసుకునే పిల్‌ని నమ్ముకోకూడదు, కండోమ్ లాంటిది తోడుగా వాడాలి అని 2025 జూన్‌లో ఎంహెచ్‌ఆర్‌ఏ చెప్పింది. 2.5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి నాలుగు వారాలకు 5కి వెళ్తావు, ఆ పైన ఇంకా పెంచుతారు, అంటే కొన్ని నెలలు ఈ జాగ్రత్త ఉండాల్సిందే. గర్భంలో ఈ మందు వాడకూడదు. నీకు ఆ పిల్ రాసిచ్చేది ఎవరు? జీపీయే. ఆయనకు ఇంజెక్షన్ సంగతి తెలియకపోతే ఈ ముక్క నీకు ఎవరు చెప్తారు? నాకు థైరాయిడ్ మాత్ర మోతాదు కూడా బరువు తగ్గాక మార్చాల్సి వచ్చింది, లెటర్ ఇచ్చాక చేసిన రక్తపరీక్షలోనే అది బయటపడింది.

మీ మరిది హైదరాబాద్ నుంచి తెస్తానన్నాడన్నావు. అక్కడ కూడా 2025 మార్చి నుంచి దొరుకుతోంది, నిజమే. కానీ రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంచాల్సిన మందు అన్ని గంటల ప్రయాణంలో ఎలా ఉంటుందో ఎవరు చూస్తారు, నీకు వాంతులు పట్టుకుంటే ఇక్కడ ఎవరికి ఫోన్ చేస్తావు. ఆ బ్యూటీ పార్లర్ ఆవిడ వాట్సాప్‌లో అమ్మే పెన్ను జోలికైతే అసలు పోకు, నా మీద ఒట్టు. 2025 సెప్టెంబర్లో ధరలు పెరిగాక అందరూ చవకవి వెతుకుతున్నారు, 15 మిల్లీగ్రాముల పెన్ లిస్టు ధర 122 పౌండ్ల నుంచి 330కి పోయింది, నాకూ కడుపు మండింది. కానీ ఆ తర్వాతి నెలలోనే, మీకు గంట దూరంలో, నార్తాంప్టన్‌లో దొంగ ఫ్యాక్టరీ పట్టుకున్నారు. పంపడానికి సిద్ధంగా 2,000కు పైగా పెన్నులు, ఇంకా నింపని ఖాళీవి పదివేల లెక్కన. వాటిలో ఏం పోసి ఉందో ఎవరికి తెలుసు. జీపీకి తెలియకూడదని వెతికేవాళ్లే చివరికి అలాంటి చోటికి చేరతారు, అదే నా బాధ. కొనేముందు ఫార్మసీ పేరు ఆ ఫార్మస్యూటికల్ కౌన్సిల్ రిజిస్టర్‌లో ఉందో లేదో చూడు, రెండు నిమిషాల పని.

పొట్ట పైభాగంలో విపరీతమైన నొప్పి వచ్చి వీపులోకి పాకితే మాత్రం గుట్టు, పరువు ఏమీ చూడకు, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లి ఇంజెక్షన్ సంగతే ముందు చెప్పు.

సోమవారం పొద్దున ఎనిమిదింటికి సర్జరీకి ఫోన్ చేసి మొదట ఆ నంబరు మార్పించు. తర్వాత ఫారంలో అవును అని పెట్టు. అన్నయ్యగారికి చెప్పాలా వద్దా అనేది నీ నిర్ణయం, నేను ఒత్తిడి చెయ్యను. మొదటి ఇంజెక్షన్ ఒక్కదానివే వేసుకోవడానికి భయమేస్తే శనివారం చెప్పు, పొద్దున ట్రైన్ ఎక్కి వచ్చేస్తాను, షాపింగ్‌కి వెళ్తున్నామని మీ అత్తగారికి చెప్దువుగాని.

నీ
పద్దు