బ్రూవర్ అంటే మూడు కప్పులేనా?

సంపాదకులు గారికి,

పోయిన ఆదివారం మీ స్పోర్ట్స్ పేజీలో కెనడా ఐస్ హాకీ పాత ఆటగాళ్ల మీద వచ్చిన వ్యాసం గురించి. కోపం తగ్గాక రాద్దామని వారం ఆగాను. తగ్గలేదు. ముందు ఆ ఫొటో. మంచు మీద ఆడే ఆటకి పచ్చిక మీద ఆడే హాకీ బొమ్మ వేశారు. పేజీ అచ్చుకి వెళ్లే ముందు ఎవరూ చూడరా?

ఇక కార్ల్ బ్రూవర్‌కి మీరిచ్చింది ఒకటిన్నర లైను. టొరంటో మేపుల్ లీఫ్స్ టీమ్ డిఫెన్స్‌మన్ (గోల్ పడకుండా కాచే ఆటగాడు), 1962, 63, 64లో ఎన్‌హెచ్‌ఎల్ లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్పు, అయిపోయింది. నేను టొరంటో పక్కనే మిసిసాగాలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. ఇక్కడి ముసలివాళ్లకి ఆయన గ్లవ్స్ కథ ఇప్పటికీ గుర్తే. అరచేతి దగ్గర తోలు కోసేసి, రిఫరీ కంట పడకుండా ఒట్టి చేత్తో అవతలివాడి జెర్సీ పట్టుకునేవాడు. దాన్ని ఆపడానికి రూలే తెచ్చారు. 1965లో కోచ్ పంచ్ ఇమ్లాక్‌తో పడక టీమ్ వదిలేశాడు. ఫిన్లాండ్, డెట్రాయిట్ అన్నీ తిరిగి, 41 ఏళ్ల వయసులో మళ్లీ లీఫ్స్‌కి వచ్చి 20 మ్యాచ్‌లు ఆడాడు.

మీరు పూర్తిగా వదిలేసింది పెన్షన్ గొడవ. పాత ఆటగాళ్ల పెన్షన్ నిధిలో మిగులు తేలితే, దాన్ని టీమ్‌ల యజమానులు తమ వాటా తగ్గించుకోవడానికి వాడేసుకున్నారు. అడగాల్సిన ఆటగాళ్ల యూనియన్ పెద్ద అలన్ ఈగిల్సన్. ఒకప్పుడు బ్రూవర్‌కి స్నేహితుడే. కంచే చేను మేసింది. బ్రూవర్, ఆయన సహచరి సూ ఫోస్టర్ ఏళ్ల తరబడి కాగితాల కోసం తిరిగారు. చివరికి బ్రూవర్, హాకీ దిగ్గజం గోర్డీ హౌతో సహా ఏడుగురు పాత ఆటగాళ్లు కోర్టుకెక్కారు. 1992లో గెలిచారు, 1994లో కెనడా సుప్రీంకోర్టు లీగ్ అప్పీలు వినడానికే ఒప్పుకోలేదు. ఆటగాళ్లకి వచ్చింది 4 కోట్ల డాలర్లకు పైనే. వేరే మోసం కేసుల్లో ఈగిల్సన్ 1998లో జైలుకెళ్లాడు. తమాషా ఏమిటంటే, హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి 1989లోనే తీసుకున్నది ఆ పెద్దమనిషిని. బ్రూవర్ 2001లో పోయాడు, ఆయనకి ఆ గడప ఎక్కే యోగం పట్టలేదు.

నాకెందుకింత మంట అంటారా? నూలు మిల్లులో 31 ఏళ్లు చేశాను. మనదగ్గర కనీస పెన్షన్ వెయ్యి రూపాయలని 2014లో ప్రకటించి చేతులు దులుపుకున్నారు. నాకొచ్చేది అంతకంటే కాస్త ఎక్కువ, ఒక నెల మందులకి చాలదు. నిరుడు లైఫ్ సర్టిఫికెట్‌కి వెళితే, దారం పట్టి పట్టి అరిగిపోయిన నా బొటనవేలు మిషన్ మీద పడలేదు. నాలుగుసార్లు నొక్కించి, "మీరు ఉన్నట్టు ఇది ఒప్పుకోవడం లేదండీ" అన్నాడు ఆ కుర్రాడు. మీ పత్రిక పెన్షనర్ల వార్త వేస్తే పదో పేజీలో, పెళ్లి ప్రకటనల పక్కన.

బ్రూవర్ గురించి నాలుగు లైన్లు వేస్తారో లేదో మీ ఇష్టం. ఆ ఫొటో మాత్రం తీసేయండి. ఈ-పేపర్లో ఇంకా అలాగే ఉంది.

— ఓ పాత చందాదారు, మిసిసాగా (స్వస్థలం గుంటూరు)