ఆశాకు సెలవిచ్చారు, ఆమె ఊరిని ఎవరికిచ్చారు?

సంపాదకులకు నమస్కారం.

నేను రిటైరైన టీచర్ని. మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లె. క్యాబినెట్ మీటింగ్ అయిన రోజు మంత్రిగారు టీవీలో నిర్ణయాలు వరసగా చదువుతుంటే మా ఇంట్లో ఎవర్నీ ఛానల్ మార్చనివ్వను, డీఏ కోసం, పీఆర్సీ కోసం ముప్ఫై ఏళ్లు చెవులు రిక్కించి విన్న అలవాటు మరి, పెన్షన్‌లోకి వచ్చినా పోలేదు. అయితే అలాంటి ఒక నిర్ణయం ఊళ్లోకి దిగేసరికి ఏమవుతుందో మొన్న మా ఇంట్లోనే చూశాను. మా కోడలు ఆశా కార్యకర్త, అంటే ఊళ్లో గర్భిణుల్నీ పసిబిడ్డల్నీ ఇంటింటికీ తిరిగి చూసుకునే మనిషి.

2025 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం ఆశాలకు మూడు వరాలు ప్రకటించింది. మొదటి రెండు కాన్పులకు 180 రోజుల వేతనంతో ప్రసూతి సెలవు, రిటైర్మెంట్ వయసు 60 నుంచి 62కి పెంపు, దిగిపోయేటప్పుడు లక్షన్నర దాకా గ్రాట్యుటీ. మంచి పనే, ఇందులో రాజకీయం వెతకను. 2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆశాలను తెచ్చినప్పుడు కాగితం మీద వాలంటీర్ అని రాశారు, అంటే చేసేది ఉద్యోగం కాదు, ఇచ్చేది జీతం కాదు. ఊళ్లో అందరి కాన్పులకీ వెంట ఉండే మనిషికి తన కాన్పుకి సెలవు రావడానికి ఇరవై ఏళ్లు పట్టింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశం ఆశాలకు అవార్డు ఇచ్చింది, అది ముందొచ్చింది.

మా కోడలికి ఇది రెండో కాన్పు. సెలవు అడిగితే కాదనలేదు, డబ్బులు కూడా పడ్డాయి, అబద్ధం చెప్పను. కాకపోతే సెలవు చీటీ తీసుకుంటూ "నీ ఏరియా ఎవరు చూస్తారో నువ్వే మాట్లాడుకోమ్మా" అన్నారట. తొమ్మిదో నెల కడుపుతో ఈ పిల్ల పక్క ఊరి ఆశా ఇంటికెళ్లి బతిమాలుకుంది. సుమారు వెయ్యి జనాభాకి ఒక ఆశా అని లెక్క. ఇప్పుడు ఆవిడకి తన ఊరు, మా ఊరు, మధ్యలో చెరువు గట్టు మీద నడక, నెలకి చేతికొచ్చేది మాత్రం అదే 10 వేలు.

తెలియనివాళ్ల కోసం ఒక మాట చెప్పాలి. ఆస్పత్రిలో పుట్టిన బిడ్డని ఆశా 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికెళ్లి చూడాలి. బరువు తూచాలి, ఒళ్లు వేడిగా ఉందా, బొడ్డు దగ్గర చీము పట్టిందా, పాలు సరిగ్గా తాగుతోందా, అన్నీ చూసి రాసుకోవాలి. మా మనవరాలి దగ్గరికి ఆ ఆరుసార్లలో పక్క ఊరి ఆశా రాగలిగింది రెండుసార్లే. ఆవిణ్ణి ఏమనగలం, అప్పుడే జ్వరాల సర్వే పడింది, రెండు ఊళ్లలో గడపగడపకీ తిరిగి ఫోన్లో ఎక్కించాలి. మిగతా నాలుగుసార్లూ మా కోడలే మంచం కింద నుంచి తన కిట్ లాగి, బిడ్డని గుడ్డ ఊయలలో పెట్టి, త్రాసు నా చేతికిచ్చి ఎత్తి పట్టుకోమని, ముల్లు ఎక్కడ ఆగిందో వంగి చూసి రాసుకుంది. ఆవిడే బాలింత, ఆవిడే ఆశా.

ఫోన్ సంగతి సరేసరి. పురిటి స్నానం ఇంకా కాలేదు, రాత్రి రెండింటికి ఎవరో అబ్బాయి ఫోన్ చేశాడు, భార్యకి నొప్పులొస్తున్నాయి, 108 వస్తోంది, తల్లీబిడ్డ కార్డు కనబడట్లేదు అని టెన్షన్ పడుతున్నాడు. మా కోడలు కళ్లు కూడా తెరవకుండా "బీరువా మీద, పసుపు కవర్లో ఉంటది చూడు తమ్ముడూ" అంది. ఉంది. ఆ ఇంట్లో వాళ్లకి తెలియనిది ఈ పిల్లకి తెలుసు. ఆ మనిషిని తీసి పక్కన పెడితే ఆ ఖాళీ దానంతటదే నిండిపోతుందని పైవాళ్లు ఎలా అనుకున్నారో మరి. మా బడిలోనూ ఇదే గోల, ఒక టీచరమ్మ సెలవు పెడితే పక్క క్లాసు టీచర్‌కి రెండు క్లాసులు. కానీ పిల్లల్ని ఒక గదిలో కూర్చోబెట్టి ఎక్కాలు రాయమనొచ్చు, గర్భిణుల్ని అలా కూర్చోబెట్టలేం కదా.

ఆడవాళ్లకి ఉచిత బస్సు ఇచ్చే స్త్రీశక్తి పథకం చూడండి. 2025 ఆగస్టు 15న మొదలైంది, ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఆధార్ చూపిస్తే కండక్టర్ మిషన్ నొక్కి జీరో టికెట్ చేతిలో పెడతాడు, ఎవర్నీ బతిమాలక్కర్లేదు. నిర్ణయంతో పాటు అది నడిచే దారి కూడా వేశారు కాబట్టి నడుస్తోంది. ఆశా సెలవుకి ఆ దారి వెయ్యలేదు, అంతే నా బాధ.

ఇంకొకటి. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధన తీసేయాలని 2024 ఆగస్టులో క్యాబినెట్ నిర్ణయించింది, నవంబరులో అసెంబ్లీలో బిల్లులు కూడా పాసయ్యాయి. 2025లో ప్రభుత్వ ఉద్యోగినుల ప్రసూతి సెలవుకీ ఆ ఇద్దరి లెక్క ఎత్తేశారు. జనాభా తగ్గిపోతోంది, పిల్లల్ని కనండని ముఖ్యమంత్రిగారే సభల్లో చెబుతున్నారు. మరి ఆశాలకు మాత్రం ఎందుకు "మొదటి రెండు కాన్పులు" అని ప్రకటించారు? మూడో బిడ్డని కనమని నేనేమీ అనను, మా పిల్ల ఓపిక నాకు తెలుసు. కానీ ఒకే ఊళ్లో సచివాలయం ఉద్యోగినికి ఒక రూలు, ఆమె గుమ్మం ముందు నిలబడి సర్వే రాసుకునే ఆశాకి ఇంకో రూలు ఏమిటండీ?

అడిగేది పెద్దదేం కాదు. సెలవు ఆర్డర్‌లోనే ఆ 180 రోజులూ ఏరియా ఎవరు చూడాలో పేరు రాయండి, ఆ మనిషికి వేతనంలో సగమైనా అదనంగా ఇవ్వండి, ఫోన్ నంబర్ కూడా ఆవిడదే గోడ మీద రాయించండి. రాష్ట్రంలో ఆశాలు 42 వేల పైచిలుకు ఉన్నా అందులో చాలామంది కాన్పుల వయసు దాటిపోయారు, మా పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) మొత్తానికి ఈ ఏడాది ప్రసూతి సెలవు పెట్టింది ఇద్దరే. ఖజానా ఏమీ ఖాళీ అయిపోదు.

మా కోడలు వచ్చే నెల మళ్లీ డ్యూటీలో చేరుతోంది. పక్క ఊరి ఆశాకి ఇన్నాళ్లకీ పైసా ఎక్కువ రాలేదు. మేమే పిలిచి ఒక చీర పెట్టాం, వద్దు వద్దంటూనే తీసుకుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్,
శ్రీకాకుళం జిల్లా