రాకెట్ హీటర్‌కు ఇల్లు కట్టగా మిగిలిన సరుకు పనికిరాదు

సంపాదకులకు,

లంబసింగి, చింతపల్లి, పాడేరు చలి గురించి ఏటా శీతాకాలంలో మీ పత్రికలో చదువుతుంటాం. ఆ చలికి తలుపులు బిగించుకుని గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. కుంపటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. నిద్రలో ఉన్న మనిషికి తెలియనే తెలియదు. దాని బదులు పొగగొట్టం ఉన్న ఇటుక రాకెట్ హీటర్, అంటే సన్న కట్టెలతో గదిని వేడిచేసే పొయ్యి, కట్టుకోవడం ఎంతో మేలు. కాఫీ తోటల్లో నీడ కోసం వేసిన సిల్వర్ ఓక్ కొమ్మలు కొట్టినప్పుడు వచ్చే సన్న కట్టెలు దీనికి సరిగ్గా సరిపోతాయి. అయితే వీడియోలు చూసి కట్టుకునేవాళ్లు ఇంటి పనిలో మిగిలిన ఇటుకలు, సిమెంటుతోనే కానిచ్చేస్తే అది ఒక్క చలికాలం కూడా నిలవదు. అందుకే ఈ ఉత్తరం.

కట్టెలు నిలువుగా దిగే గొంతు, మంట అడ్డంగా పారే సొరంగం, ఆపైన నిటారుగా లేచే మంటగొట్టం, వీటన్నిటి చుట్టూ వేడిని దాచుకునే ఇటుక గది. పొయ్యి అంటే ఇంతే. వేడి గాలి ఈ ఇటుక గది పైకప్పు దాకా లేచి, గోడలకు వేడి ఇచ్చి, చల్లారుతూ కిందికి దిగి, అడుగునున్న పొగగొట్టంలోంచి బయటికి పోతుంది.

మంటగొట్టంలో వేడి వెయ్యి డిగ్రీల దాకా పోగలదు. ఫ్లైయాష్ ఇటుక బట్టీలో కాలింది కాదు, సిమెంటుతోనో సున్నంతోనో గట్టిపడింది. ఆ వేడికి అందులో పట్టి ఉన్న నీరు ఆవిరై, ఇటుక పెళుసై రాలిపోతుంది. సిపోరెక్స్ (తేలికపాటి గుల్ల సిమెంటు) దిమ్మెలదీ, సిమెంటు మాలుదీ అదే గతి. పైన కప్పడానికి కడప బండో, షాబాదు బండో వేస్తే మరీ తప్పు. అవి సున్నపురాళ్లు, మంట తగిలేచోట నెర్రెలిచ్చి విరుగుతాయి.

మంట తగిలే భాగమంతా ఫైర్ బ్రిక్, అంటే గట్టి వేడికి తట్టుకునే ఇటుక, ఉండాల్సిందే. అందులో ఐ.ఎస్. (భారత ప్రమాణాల) 8 రకం మంచిది. 9×4½×3 అంగుళాల ఇటుకలు నాలుగింటిని పక్క మీద నిలబెట్టి, ఒకదాని కొసను పక్కదాని ఒంటికి ఆనిస్తూ చుట్టూ పేర్చితే, ఒక్క ఇటుకా కోయకుండా మధ్యలో 6 అంగుళాల చదరం మిగులుతుంది. గొంతుకూ సొరంగానికీ మంటగొట్టానికీ అదే లోకొలత. పొగగొట్టం 7 అంగుళాల గుండ్రనిదైతే వైశాల్యం సరిపోతుంది. ఎక్కడ ఇరుకైనా పొగ వెనక్కి, గొంతులోంచి గదిలోకి తన్నుతుంది. గొంతు 15 అంగుళాల లోతు, సొరంగం 27 అంగుళాల పొడవు, మంటగొట్టం సొరంగం అడుగు నుంచి 46 అంగుళాలు. బయటి ఇటుక గది లోపల 2 అడుగుల చదరం, 5 అడుగుల ఎత్తు. దాని పైకప్పుకు టి-ఇనుము (టి ఆకారపు ఇనుప కడ్డీలు) పరిచి మీద ఫైర్ బ్రిక్ వేయాలి. ఇనుము మెత్తబడకుండా దాని కింద సిరామిక్ ఫైబర్ (వేడికి తట్టుకునే పీచు) దుప్పటి కట్టాలి. విరిగేవాటితో కలిపి 110 ఫైర్ బ్రిక్, 300 ఎర్ర ఇటుకలు, 50 కిలోల ఫైర్ క్లే (వేడికి తట్టుకునే మన్ను) సంచి ఒకటి పడతాయి.

ఎర్ర ఇటుక బాగా కాలిందో లేదో చూడటానికి రెండింటిని తట్టండి. ఖంగుమంటే కాలినట్టు, దబ్బుమంటే పచ్చిది. వీటికి మాలు పుట్టమన్ను ఒక పాలు, జల్లించిన ఇసుక మూడు పాళ్లు. తాపీ మీద వేసి తిరగేస్తే ఒక క్షణం అంటుకుని నిలవాలి, విదిలిస్తే శుభ్రంగా ఊడాలి. ఊడకపోతే మన్ను ఎక్కువ, అది ఆరాక పగులుతుంది. ఫైర్ బ్రిక్‌కు మాత్రం ఫైర్ క్లేను దోసెల పిండిలా కలిపి, సందు 3 మిల్లీమీటర్లు దాటకుండా కట్టాలి.

అన్నిటికన్నా ఎక్కువమంది చేసే తప్పు లోపలి కట్టడాన్ని బయటి గోడతో కలిపి కట్టేయడం. వెయ్యి డిగ్రీలకు ఫైర్ బ్రిక్ మీటరుకు 5, 6 మిల్లీమీటర్లు సాగుతుంది. బయటి గోడ అంత వేడెక్కదు కాబట్టి సాగదు. రెండూ అతుక్కుని ఉంటే బయటి గోడ పగులుతుంది, ఆ పగులులోంచి పొగ గదిలోకి వస్తుంది. అందుకని సొరంగం బయటి గోడను దాటేచోట సిరామిక్ ఫైబర్ కూరిన సందు వదలాలి. మంటగొట్టం చుట్టూ కూడా అదే దుప్పటి అంగుళం మందాన చుట్టాలి. ఈ పీచు ఊపిరితిత్తుల్లోకి పోతే హాని కాబట్టి కోసేటప్పుడు మాస్కు తప్పనిసరి.

పొగగొట్టానికి పీవీసీ ఊసే వద్దు. ఆస్‌బెస్టాస్ గొట్టం వేడికి పగులుతుంది, దాని ధూళి మనిషికి చేటు. స్టెయిన్‌లెస్ స్టీలు వాడండి. అది ఇంటి కప్పు కొప్పు మీద 3 అడుగులు లేవాలి. గడ్డి కప్పు ఇంట్లో ఈ పొయ్యి వద్దే వద్దు.

మొత్తం బరువు టన్నున్నర దాటుతుంది కాబట్టి నేల మీదే, 6 అంగుళాల కాంక్రీటు పునాది పోసి కట్టాలి. మసి తీయడానికి అడుగున చిన్న తలుపు మరచిపోవద్దు.

కట్టిన రోజే పెద్ద మంట వేస్తే తడి ఆవిరై మాలును తోసేస్తుంది. పది రోజులు గుప్పెడు పుల్లలతో చిన్న మంటలు వేయాలి. మంట ఆరి గోడ చల్లబడ్డాక మసి తలుపు తీసి లోపలి గోడ తడమండి. చేతికి చెమ్మ తగిలినన్నాళ్లూ పెద్ద మంట వేయకూడదు.

— ఒక పాఠకుడు, చింతపల్లి