పాత కంప్యూటర్ ఆగిపోతోందా? ముందే ఫార్మాట్ కొట్టకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పాత కంప్యూటర్ ఊరికే ఆగిపోతోందనో, దానంతట అదే రీస్టార్ట్ అవుతోందనో ఎవరైనా అడిగితే పేపర్లలో వచ్చే జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే: విండోస్ ఫార్మాట్ చేసి మళ్లీ వేసుకోండి, అప్పటికీ తగ్గకపోతే కొత్తది కొనుక్కోండి. ఏమీ అనుకోకండి, మీ టెక్నాలజీ పేజీ కూడా ఆ పాటే పాడుతోంది. పాత సిస్టమ్‌లు విప్పి బాగు చేసుకోవడం నాకు చాలాకాలంగా ఉన్న పిచ్చి. ఆ అనుభవంతో చెప్తున్నాను, ఫార్మాట్ అనేది అన్నీ అయ్యాక ఆఖర్న చేయాల్సిన పని. జబ్బేమిటో చెప్పే ఆధారాలు ఆ డిస్క్‌లోనే ఉంటాయి, ఫార్మాట్ కొట్టగానే అవన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. పైగా అసలు తప్పు ర్యామ్‌లో, అంటే నడుస్తున్న పనిని కంప్యూటర్ తాత్కాలికంగా పెట్టుకునే మెమరీలో ఉంటే, కొత్త విండోస్ ఫైళ్లు కూడా ఆ ర్యామ్ మీదుగానే డిస్క్‌కి చేరాలి కాబట్టి వాటిలో కొన్ని పాడయ్యే దిగుతాయి. అప్పుడు ఇంట్లోవాళ్లు "ఫార్మాట్ చేసినా అంతే, ఇంక దీని పని అయిపోయింది" అని తీర్మానించేస్తారు.

ముందు కాసేపు ఏదీ ముట్టుకోకుండా గమనించాలి. టైమంటూ లేదు, ఎప్పుడు పడితే అప్పుడు పోతోంది అంటారు గానీ, ఓ కాగితం పక్కన పెట్టుకుని పోయినప్పుడల్లా ఏం చేస్తుండగా పోయింది, ఆన్ చేసిన ఎంతసేపటికి పోయింది, ఎలా పోయింది అని రాసుకుంటే నాలుగైదు సార్లకే దాని వరస బయటపడుతుంది. ఎలా పోయింది అన్నది అన్నిటికంటే ముఖ్యం. ఠక్కున ఆరిపోయి ఫ్యాన్లు కూడా ఆగిపోతే వేడినో, లోపలి భాగాలకి కరెంటు అందించే డబ్బా ఎస్‌ఎంపీఎస్‌నో అనుమానించాలి. స్క్రీన్ ఉన్నది ఉన్నట్టు బిగుసుకుపోయి మౌస్ కూడా కదలకపోతే ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు, మదర్‌బోర్డు, ఏదైనా కావచ్చు. మౌస్ కదులుతూనే ఉంటుంది, ఏది నొక్కినా తెరుచుకోదు, డిస్క్ లైటు మాత్రం ఆరకుండా వెలుగుతూ ఉంటుంది, అలా అయితే హార్డ్ డిస్క్‌ని చూడాలి. నీలం స్క్రీన్ వస్తే మాత్రం సంతోషించండి, అది కనీసం ఏదో ఒక కోడ్ చెప్పి పోతుంది.

అయితే చాలామందికి ఆ నీలం స్క్రీన్ సరిగ్గా కనపడనే కనపడదు. క్రాష్ అయిన వెంటనే రీస్టార్ట్ అయ్యేలా విండోస్‌లో ఒక సెట్టింగ్ మొదటి నుంచే ఆన్‌లో ఉంటుంది. సిస్టమ్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌కి వెళ్లి, స్టార్టప్ అండ్ రికవరీ కింద ఉన్న సెట్టింగ్స్ నొక్కి, ఆటోమేటికల్లీ రీస్టార్ట్ అన్నచోట టిక్ తీసేయండి. ఇక స్క్రీన్ అలాగే నిలబడి ఉంటుంది, ఫోన్‌తో ఫొటో తీసుకోవచ్చు. టిక్ తీసేశాక కూడా ఏ స్క్రీనూ రాకుండానే రీస్టార్ట్ అవుతోందంటే విండోస్‌కి నోరు విప్పే టైమ్ కూడా దొరకలేదన్నమాట, అది చాలావరకు కరెంటు వైపు సమస్య. అన్నట్టు విండోస్ 11లో 2025 నుంచి ఈ స్క్రీన్ నలుపు రంగులోకి మారింది, అది చూసి మానిటర్ పోయిందనుకోకండి. ఇంకో సంగతి, నీలం స్క్రీన్ మీద ఫోన్ నంబర్ ఉండి ఫలానా నంబర్‌కి కాల్ చేయండి అని రాసి ఉంటే అది పచ్చి మోసం. బ్రౌజర్‌లో ఏదో వెబ్ పేజీ స్క్రీన్ మొత్తం పరుచుకుని అలా కనపడుతుంది. టాస్క్ మేనేజర్‌లోంచి బ్రౌజర్ మూసేస్తే పోతుంది. అసలైన క్రాష్ స్క్రీన్ ఎవరికీ ఫోన్ చేయమనదు.

తరవాత రికార్డులు చూడాలి. స్టార్ట్ మెనూలో రిలయబిలిటీ అని కొడితే రిలయబిలిటీ హిస్టరీ వస్తుంది, విండోస్ విస్టా నుంచీ ఉంది ఇది, అయినా వాడేవాళ్లు తక్కువ. ఏ రోజు ఏం ఇన్‌స్టాల్ అయింది, ఏ రోజు ఎర్ర గుర్తు పడింది అన్నీ ఒకే వరసలో కనపడతాయి. ఫలానా అప్‌డేట్ వచ్చిన మర్నాటి నుంచే క్రాష్‌లు మొదలయ్యాయా అన్నది అక్కడే తేలిపోతుంది. ఇక విండోస్ రాసుకునే డైరీని చూపించే ఈవెంట్ వ్యూయర్ తెరిచినవాళ్లందరికీ కెర్నల్ పవర్ 41 అనే ఎర్ర లైను కనపడి టెన్షన్ పట్టుకుంటుంది. పవర్ అని ఉంది కదా అని వెంటనే ఎస్‌ఎంపీఎస్ మార్చేసేవాళ్లూ ఉన్నారు. ఆ 41 చెప్పేదల్లా కిందటిసారి సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదని మాత్రమే, ఎందుకు కాలేదో దానికి తెలీదు. దానికి కాస్త ముందూ వెనకా ఇంకేం లైన్లు ఉన్నాయో చూడండి. వీయా లాగర్ (WHEA-Logger) అని ఉంటే ప్రాసెసరో, మదర్‌బోర్డో, ర్యామో ఏదో ఒక హార్డ్‌వేర్ తన తప్పు తనే రాసిపెట్టిందని అర్థం. డిస్క్ పేరుతో 7వ నంబర్ ఈవెంట్ ఉంటే డిస్క్ మీద చెడిపోయిన సెక్టర్, అంటే డేటా దాచే చిన్న గడి ఒకటి తగిలిందని.

నీలం స్క్రీన్ వచ్చిన ప్రతిసారీ మామూలుగా విండోస్ ఫోల్డర్ లోపల మినీడంప్ అనే ఫోల్డర్‌లో ఓ చిన్న ఫైలు పడుతుంది. బ్లూస్క్రీన్‌వ్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో దాన్ని తెరిస్తే ఏ కోడ్, ఏ ఫైలు దగ్గర పడిపోయింది అన్నది చూపిస్తుంది. చాలాసార్లు అందులో విండోస్ గుండెకాయ లాంటి కెర్నల్ ఫైలు పేరే వస్తుంది, అది దొంగని పట్టుకున్నవాడే గానీ దొంగ కాదు, దాన్ని పక్కన పెట్టేయండి. ప్రతిసారీ ఒకే డ్రైవర్ (ఒక్కో పరికరాన్ని నడిపించే ప్రోగ్రామ్) పేరు వస్తుంటే ఆ డ్రైవర్‌ని పట్టుకోండి. ఒక్కోసారి ఒక్కో కోడు, ఒక్కో ఫైలు, పొంతన లేకుండా వస్తుంటే ముందు ర్యామ్‌ని అనుమానించండి. సున్నాల తరవాత 124తో ముగిసే కోడ్ వస్తే హార్డ్‌వేర్ అనుకోండి, 7ఏ (7A)తో ముగిస్తే ఎక్కువగా డిస్కో దాని కేబులో.

ఒక్క డ్రైవర్ చెడితే కంప్యూటర్ మొత్తం ఎందుకు పడిపోవాలి అని అడుగుతారు. డ్రైవర్లలో చాలావరకు ఆ కెర్నల్ లోపలే నడుస్తాయి, అక్కడ జరిగిన తప్పుని ఆ ఒక్కదానికే పరిమితం చేసి ఆపడం కుదరదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ వాళ్ల భద్రతా సాఫ్ట్‌వేర్‌కి వచ్చిన ఒక తప్పుడు అప్‌డేట్ వల్ల దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడిపోయాయని మైక్రోసాఫ్టే లెక్క చెప్పింది, విమానాలు కూడా ఆగాయి. ఇంట్లో పాత సిస్టమ్‌లో ఇలాంటి గొడవ ఎక్కువగా గ్రాఫిక్స్, వైఫై డ్రైవర్లతో వస్తుంది. డివైస్ మేనేజర్‌లో రోల్ బ్యాక్ డ్రైవర్ అని ఉంటుంది, అది నొక్కి వెనకటిది తెచ్చుకుని కొన్నాళ్లు చూడండి. డ్రైవర్లన్నీ ఒక్క క్లిక్‌తో అప్‌డేట్ చేస్తామనే ప్రోగ్రాములు మాత్రం వద్దు, ఉన్న సమస్యకి తోడు కొత్తవి తెచ్చిపెడతాయి. రెండు యాంటీవైరస్‌లు ఒకేసారి పెట్టుకోవడమూ అంతే.

సాఫ్ట్‌వేరా హార్డ్‌వేరా అని తేల్చుకోడానికి నాకు బాగా నచ్చిన పద్ధతి, విండోస్‌కి బదులు వాడుకోగల లైనక్స్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, ఇన్‌స్టాల్ చేయకుండా దాంతోనే బూట్ చేసి, అంటే కంప్యూటర్‌ని దాన్నుంచే స్టార్ట్ చేసి, ఒక పూటంతా మామూలుగా వాడటం. అక్కడ కూడా పడిపోతే ఇక విండోస్‌ని తిట్టడం ఆపేయొచ్చు.

హార్డ్‌వేర్ జోలికి వెళ్లేముందు ఫొటోలు, డాక్యుమెంట్లు వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. ఇది మర్యాదకి చెప్పే జాగ్రత్త అనుకోకండి. చాలామంది విండోస్‌లోనే ఉండే చెక్‌డిస్క్ పెట్టి డిస్క్‌ని రిపేర్ చేయమంటారు, చచ్చిపోబోతున్న డిస్క్ మీద అది గంటల తరబడి తిరిగితే మిగిలిన ప్రాణం కూడా పోవచ్చు. కాపీ అయ్యాక క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ప్రోగ్రామ్‌తో స్మార్ట్ లెక్కలు, అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే లెక్కలు చూడండి. రీఅలొకేటెడ్ సెక్టర్లు (చెడిపోయి పక్కన పెట్టేసినవి), పెండింగ్ సెక్టర్లు (చెడ్డవేమో అని అనుమానంలో ఉన్నవి) అన్నవి సున్నా కాకుండా వారం వారం పెరుగుతుంటే ఆ డిస్క్‌కి ఇక సెలవే. అవి సున్నాగానే ఉండి సీఆర్‌సీ ఎర్రర్ల (దారిలో పాడైన డేటా) లెక్క ఒక్కటే పెరుగుతోందంటే మాత్రం కొత్త డిస్క్ కొనేముందు డిస్క్‌ని బోర్డుకి కలిపే సాటా కేబుల్ మార్చి చూడండి, చాలావరకు దాంతోనే సరిపోతుంది.

ర్యామ్ టెస్ట్ సులువు, కానీ ఓపిక కావాలి. విండోస్‌లో మెమరీ డయాగ్నస్టిక్ ఉంది గానీ, పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అయ్యే మెమ్‌టెస్ట్86 ప్లస్ ఇంకా గట్టిగా పరీక్షిస్తుంది. రాత్రి పడుకునేముందు పెట్టేసి పొద్దున చూసుకోవడమే. వెయ్యిలో ఒకటే కదా అనుకోడానికి లేదు, ఒక్క ఎర్రర్ వచ్చినా అది తప్పే. వస్తే కరెంటు వైరు పీకేసి, పవర్ బటన్ కాసేపు నొక్కిపట్టి, క్యాబినెట్ ఇనుముని ఓసారి చేత్తో ముట్టుకుని, అప్పుడు ర్యామ్ కడ్డీలు తీసి వాటి బంగారు రంగు అంచుల్ని పెన్సిల్ రబ్బరుతో మెల్లిగా తుడిచి, పొడి దులిపి మళ్లీ క్లిప్పులు పడేదాకా నొక్కండి. ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న కాంటాక్ట్‌ల మీద పట్టిన పొర పోతే చాలు, చాలా సిస్టమ్‌లు బాగైపోతాయి. ఇంకా ఎర్రర్లు వస్తుంటే ఒక్కో కడ్డీనే పెట్టి, ఒక్కో స్లాట్‌లో టెస్ట్ చేయండి, తప్పు కడ్డీదా స్లాట్‌దా తేలుతుంది.

వేడి సంగతి అందరూ చెప్పేదే. కానీ మూత తీసి ఫ్యాన్ తిరుగుతోంది కదా అని మళ్లీ మూసేస్తారు. ఆ ఫ్యాన్ విప్పి కింద ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్ చూడండి, రేకుల మధ్య దుమ్ము దుప్పటిలా పేరుకుపోయి ఉంటుంది, పైనుంచి ఏమీ కనపడదు, గాలి ఒక్క వీసం కూడా లోపలికి పోదు. బ్రష్‌తో తీసేయండి, గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్క తిరగకుండా వేలు అడ్డం పెట్టండి. ప్రాసెసర్ మీద, వేడిని హీట్‌సింక్‌కి అందించే థర్మల్ పేస్ట్ ఎండి సుద్దలా రాలుతుంటే తుడిచి బఠాణీ గింజంత కొత్తది పెట్టండి, ఎక్కువ రాస్తే మంచిదనేం లేదు. పని లేకుండా ఉన్నప్పుడే ప్రాసెసర్ 70 డిగ్రీలు చూపిస్తోందంటే డెస్క్‌టాప్‌లో అది మంచి లక్షణం కాదు. 100 దగ్గరికి వచ్చేసరికి చాలా ప్రాసెసర్లు ముందు వేగం తగ్గించుకుంటాయి, ఇంకా పెరిగితే కాలిపోకుండా తమంతట తామే ఆరిపోతాయి.

వేడెక్కాక పోయేవాటికి పూర్తి వ్యతిరేకం, చల్లగా ఉన్నప్పుడు పోయేవి. పొద్దున్నే ఆన్ చేయగానే రెండు మూడు సార్లు పడిపోయి, ఆ తరవాత రోజంతా నిక్షేపంగా పనిచేసే కంప్యూటర్లు చాలామంది ఇళ్లలో ఉంటాయి, దానికి అలవాటుపడి కూడా పోతారు. అక్కడ చూడాల్సింది కెపాసిటర్లు. మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ చుట్టూ చిన్న చిన్న గుండ్రటి డబ్బాలు నిలబడి ఉంటాయి. వాటి పైమూత చదునుగా ఉండాలి. ఉబ్బినట్టుగానో, మూత మీది గీతల దగ్గర గోధుమరంగు జిగురు కారినట్టుగానో ఉంటే అవి పోయినట్టే. లోపలి ద్రవం ఎండిపోయే కొద్దీ చల్లగా ఉన్నప్పుడు వాటికి చేతకాదు, కాస్త వెచ్చబడ్డాక కుదురుకుంటాయి. 2000ల మొదట్లో తయారైన బోర్డుల్లో నాసిరకం కెపాసిటర్ల గోల ప్రపంచమంతా ఉండేది. ఆ తరవాతి బోర్డుల్లో అంతలేదు, కానీ ఎస్‌ఎంపీఎస్‌లో ఇప్పటికీ ఇలా లోపల ద్రవం ఉన్న కెపాసిటర్లే ఉంటాయి.

ఎస్‌ఎంపీఎస్ ఎలా ఉందో చూడాలంటే పసుపు, నలుపు వైర్ల మధ్య మల్టీమీటర్ పెట్టండి, 12 వోల్టుల లైను 11.4కీ 12.6కీ మధ్య ఉండాలి, అదీ గేమో వీడియోనో నడుస్తుండగా. మీటర్ బాగానే చూపించినా క్షణకాలం పడిపోయి లేచేది దానికి అందదు, కాబట్టి బాగున్నదని తెలిసిన ఇంకో ఎస్‌ఎంపీఎస్ పెట్టి కొన్నాళ్లు చూడటమే నికరమైన పరీక్ష. ఎస్‌ఎంపీఎస్ డబ్బాని మాత్రం ఇంట్లో విప్పొద్దు. వైరు పీకేసినా లోపల 300 వోల్టుల పైన నిలవ ఉండొచ్చు.

ఇవన్నీ ఒకే ఆదివారం కూర్చుని చేసేస్తే లాభం లేదు. ర్యామ్ తుడిచి, డ్రైవర్ మార్చి, పేస్ట్ పెట్టి, బయాస్ (ఆన్ చేయగానే ముందుగా నడిచే, మదర్‌బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్) అప్‌డేట్ కూడా కొట్టేసి బాగైపోయిందనుకుంటే, మళ్లీ మొదలైనప్పుడు దేంతో తగ్గిందో తెలీక మొదటికి వస్తారు. ఒకటి మార్చి, క్రాష్‌ల మధ్య మామూలుగా ఉండే విరామం కంటే రెండింతలు ఆగి, అప్పుడు ఇంకోటి. బయాస్ అప్‌డేట్ అయితే, సిస్టమ్ పడిపోతున్న రోజుల్లో అసలు చేయకూడదు, మధ్యలో పోయిందంటే బోర్డే లేవకపోవచ్చు.

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయింది కదా, అందుకే పడిపోతోంది అని ఈమధ్య చాలామంది అంటున్నారు. సపోర్ట్ పోతే భద్రతా అప్‌డేట్లు ఆగుతాయి, అది వేరే చింత, దానికి వేరే దారులున్నాయి. ఆ తారీఖు దాటిందని ఏ కంప్యూటరూ క్రాష్ అవడం మొదలుపెట్టదు. మీ పేజీలో ఈ ముక్క ఒకసారి వేస్తే చాలామంది అనవసరంగా కొత్తవి కొనకుండా ఆగుతారు. ఫోన్ల రివ్యూలు వారానికి ఒకటి తగ్గించి పాత సామాను బాగు చేసుకోవడం గురించి కాస్త జాగా ఇవ్వమని కూడా అడుగుతున్నాను.

అన్నీ చూశాక తప్పు మదర్‌బోర్డుదే అని తేలితే నేను కూడా వదిలేయమనే చెప్తాను, ఆ కాలపు బోర్డులు వెతికి తెచ్చుకున్నా అవీ అంతే పాతవి. డిస్క్ బాగుంటే తీసి యూఎస్‌బీ కేసులో పెట్టుకోండి, ర్యామ్, ఎస్‌ఎంపీఎస్ దాచుకోండి, ఇంకోదాన్ని టెస్ట్ చేయడానికి పనికొస్తాయి.

ఇట్లు,
మీ పాఠకుడు