సిలిండర్లు తోసేదానికి డిగ్రీ ఏందన్నావే!

షికాగో

తమ్ముడికి,

అందరూ క్షేమమని తలుస్తాను. పాప రెస్పిరేటరీ థెరపీ, అంటే ఊపిరాడని రోగులకు శ్వాస అందించే చదువు, చదువుతానంటే, ‘సిలిండర్లు తోసేదానికి డిగ్రీ ఏందన్నా’ అని అడిగినావు. నీ మాటలో సగం నిజముంది. ఈ పని మొదలైందే అక్కడ. ఒకప్పుడు ఇక్కడి ఆస్పత్రుల్లో ఆక్సిజన్ ఆర్డర్లీలని ఉండేవాళ్లు. సిలిండరు మంచం దాకా తేవడం, రోగి మీద ఆక్సిజన్ గుడారం కట్టడం వాళ్ల పని.

1943లో ఈ ఊళ్లోనే, మైకేల్ రీస్ ఆస్పత్రిలో డాక్టర్ ఎడ్విన్ లెవీన్ ఆపరేషనైన రోగుల కోసం కొందరికి పనిలోనే తర్ఫీదు ఇచ్చాడు. 1946లో ఆ శిష్యులు, డాక్టర్లు, నర్సులు, ఆర్డర్లీలు కూడి సంఘం పెట్టుకున్నారు. 1960లో ఈ పని వచ్చినవాళ్ల పేర్లు నమోదు చేసే రిజిస్ట్రీ పరీక్ష వచ్చింది, 1982లో కాలిఫోర్నియా లైసెన్సు చట్టం చేసింది. మనదేశంలో ఇలాంటి వృత్తులకు చట్టం వచ్చింది 2021లోనే.

చదువెందుకో తెలియాలంటే 1952 కోపెన్‌హాగన్ చూడాలి. పోలియో వచ్చి ఊపిరాడని 31 మందిని మొదటి మూడు వారాల్లో అప్పటి యంత్రాల్లో పెడితే 27 మంది పోయారు. రక్తంలో బైకార్బనేట్ పెరిగిందని, అదేదో అంతుపట్టని ఆల్కలోసిస్, అంటే రక్తంలో క్షారం ఎక్కువవడం, అని డాక్టర్లు అనుకున్నారు. ఊపిరి చాలక కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోవడమని పసిగట్టింది మత్తు డాక్టరు ఇబ్సెన్. గొంతుకు రంధ్రం చేయించి, గొట్టం వేసి, రబ్బరు సంచి చేత్తో నొక్కి గాలి పంపించాడు. సుమారు 1500 మంది విద్యార్థులు వంతులవారీగా అలా నొక్కారు. చావులు బాగా తగ్గిపోయాయి. నొక్కడం ఎవరైనా నేర్చుకుంటారు. రక్తం చెప్పేది చదవడం వేరే విద్య, ఆ డిగ్రీ అందుకే.

ఇంట్లో నాయన కాన్సంట్రేటరే, అదే గాలిలోంచి ఆక్సిజన్ తీసిచ్చే మిషనే, పాపకు మొదటి పాఠం. ఆయనది పొగాకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర పట్టిన ఆయాసం. అలాంటి రోగికి మామూలుగా వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటరులో ఆక్సిజన్ 88 నుంచి 92 శాతం ఉంటే చాలు. 98 రావాలని నిమిషానికి వచ్చే ఆక్సిజన్ లీటర్లు పెంచితే లోపల కార్బన్ డయాక్సైడ్ పెరిగి మగతలోకి పోతాడు. డాక్టరు రాసిన లీటర్లు మార్చొద్దు.

చీమకుర్తి రాతి దుమ్ముకు ఆ మిషన్ ఫిల్టరు తొందరగా పూడిపోతుంది. తమాషా ఏందంటే, మిషన్ మీద లీటర్లు చూపించే బంతి 2 లీటర్ల గీత మీదే నిలబడుతుంది గానీ వచ్చే గాలిలో ఆక్సిజన్ శాతం పడిపోతుంది. వారానికోసారి సబ్బునీళ్లలో కడిగి, పూర్తిగా ఆరాకే పెట్టాలి. తడి లోపలికి పోతే నైట్రోజన్ పీల్చే జియోలైట్ చెడిపోతుంది. గాలికి తేమ పట్టించే నీళ్ల సీసా మూత అడ్డమరలో బిగిస్తే గాలి పక్కకు పోతుంది. ముక్కు గొట్టం కొస గ్లాసు నీళ్లలో ముంచండి, బుడగలు రాకపోతే మూత మళ్లీ బిగించండి.

కరెంటు పోతే వాడే చిన్న సిలిండరులో 1500 లీటర్లు ఉంటే, నిమిషానికి 2 లీటర్ల చొప్పున పన్నెండున్నర గంటలొస్తుంది. రెగ్యులేటరు పెట్టేముందు వాల్వును ఒక్క క్షణం తెరిచి మూయాలి, మూతిలో దుమ్ము ఎగిరిపోతుంది. మర బిగిసిందని కొబ్బరినూనె మాత్రం రాయొద్దు. ఆ ఒత్తిడిలో నూనె అంటుకుంటుంది.

కాలేజీ చూసేటప్పుడు భవనం చూడొద్దు. ఇంటర్న్‌షిప్ ఏ ఆస్పత్రిలో, ఐసీయూలో ఎన్ని వెంటిలేటర్లు, రక్తంలో ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ కొలిచే బ్లడ్ గ్యాస్ మిషన్ పిల్లల చేతికిస్తారా లేదా అని అడుగు. అక్కడ డిగ్రీ అయ్యాక నేరుగా వచ్చి ఇక్కడి పరీక్ష రాయొచ్చని ఎవరన్నా చెప్తే నమ్మొద్దు. మామూలుగా ఇక్కడ గుర్తింపు ఉన్న కోర్సు మళ్లీ చదవాల్సిందే.

ఆదివారం ఫిల్టరు పాప చేతే కడిగించు.

మీ అన్న