మోన్‌సెగ్యూర్ కొండ దింపిన పెద్దమ్మకు

అమ్మ కాలికి కట్టు కట్టిన పెద్దమ్మా, మీకు మా ఇంటిల్లిపాది నమస్కారాలు.

ఫ్రాన్స్‌లోని పిరనీస్ కొండల్లో 1243-44 నాటి ముట్టడిని పది నెలలు తట్టుకున్న శిఖరం అది, ఎత్తు 1,207 మీటర్లు. ఎక్కడం కన్నా దిగడమే కష్టం. అడుగులకు అరిగి నునుపెక్కిన సున్నపురాయి చినుకు పడితే సబ్బులా జారుతుంది. అమ్మ చీలమండ అక్కడే బెణికింది.

బూటు విప్పబోతే మీరు చెయ్యి అడ్డం పెట్టారు. విప్పితే వాపెక్కి మళ్లీ పట్టదన్నారు. లేసులు వదులు చేసి, సాగే పట్టీని బూటు మీదుగానే, పాదం కింద నుంచి చీలమండ చుట్టూ ఎనిమిది అంకెలా మూడుసార్లు తిప్పారు. మరీ బిగిస్తే వేళ్లు తిమ్మిరెక్కుతాయని రెండుసార్లు ఆగి అడిగారు. ఎంత ఓర్పు!

మీ చేతికర్రను దిగుడుకు తగ్గట్టు బెత్తెడు పొడవు పెంచి అమ్మకిచ్చారు. అమ్మకన్నా ఒక మెట్టు కింద, పక్కకు తిరిగి నిలబడి, మోచెయ్యి పట్టుకుని కార్ల దాకా దింపారు. కర్ర తిరిగి ఇవ్వబోతే మీరు తీసుకోలేదు. అమ్మ ఇప్పటికీ దానితోనే నడుస్తోంది.